లింగమూర్తి సారు కోరిన సొంతమాట

కొత్తవాడ మగ్గాల ఇళ్ళలో పుట్టి, డిగ్రీ చదివి, బీయెడ్ చేసి, ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు టీచరైన లింగమూర్తికి లోకంలో ఒక్క వస్తువంటేనే పగ. అది గైడు. బడులు తెరవగానే పుస్తకాల దుకాణాల్లో పసుపుపచ్చ అట్టలతో దొంతర్లుగా దిగేది. పాఠాలకు, పద్యాలకు జవాబులన్నీ అందులో వండి వార్చి ఉండేవి. పిల్లలు వాటిని అర్థం తెలియకుండానే వల్లించి, కాగితం మీద కుమ్మరించి పాసయ్యేవారు. ఆ పాసవడమే అతనికి మింగుడుపడేది కాదు.

"ఒకడు నమిలి ఊంచిన చెరుకుపిప్పిని మీరు మల్ల నములుతరా?" అని క్లాసులో అడిగేవాడు.

"ఛీ సార్!"

"మరి గైడుల జవాబెందుకు రాస్తరు? పద్యం చదివితే మీకేమనిపించిందో గది రాయాలె. ఇంగ్లీషు తప్పయితే నేను దిద్దుత. మంది మాటను నా మాటని రాస్తే మాత్రం దొంగతనమే. పక్కింటామె పేర్చిన బతుకమ్మను ఎత్తుకచ్చి నాదే అంటే ఊకుంటరా?"

"బతుకమ్మను ఎత్తుకొస్తే కొడ్తరు సార్," అన్నది వెనక బెంచీ నుంచి పూలమ్మ. "పాటను ఎత్తుకొస్తే ఎవలేమనరు."

క్లాసంతా నవ్వింది. అతనూ నవ్వి ఊరుకున్నాడు. పూలమ్మ నోటికి బడిలో అందరూ అలవాటుపడ్డారు. నర్సంపేట అవతలి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. అదే ఊరి నుంచి, అదే వాడ నుంచి వచ్చిన యాకమ్మ ఆమె పక్కనే కూర్చునేది. పూలమ్మ పది మాటలంటే యాకమ్మ ఒక్కటి అనేది, అదీ అడిగితేనే.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, ఎండాకాలం సెలవుల తర్వాత బడి తెరిచిన కొత్తలో, లింగమూర్తి హెడ్మాస్టరు వీరభద్రం వెంటపడి ఒక రూలు పెట్టించాడు. ఇంటిపనైనా సరే, ఎత్తిరాసినట్టు తేలితే హాస్టలు పిల్లకు సీటు పోతుంది.

"గింత చిన్నదానికి గంత పెద్ద శిక్షనా?" అని వీరభద్రమే మొదట తటపటాయించాడు. ఆయన లెక్కల మనిషి. ఇంగ్లీషు పద్యాల గొడవ ఆయనకు పట్టదు. కానీ హాస్టలు సీట్ల కోసం ఊరి పెద్దల సిఫారసులు రోజుకొకటి వచ్చి ఆయన బల్ల మీద పడేవి. ఖాళీ చేయించడానికి ఒక దారి ఉంటే చెడ్డేమీ కాదనుకున్నాడేమో, సంతకం పెట్టాడు.

ఆ రూలు పెట్టించిన నాటికి లింగమూర్తి తనలో తాను లేడు. అంతకు ముందు చలికాలంలో అతని భార్య సుగుణ కామెర్లతో దవాఖానలో పోయింది. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. శవాన్ని ఇంటికి తెచ్చిన నాడు వాడ ఆడవాళ్ళందరూ వాకిట్లో కూర్చుని ఏడుస్తుంటే, అతను వెనక అర్రలో నూలు చుట్టల మధ్య మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరేమని ఏడ్చారో అతని చెవికెక్కలేదు. అతనికి కన్నీళ్ళు రాలేదు. తర్వాత కూడా రాలేదు. బడికి పోయేవాడు, వచ్చేవాడు, తల్లి రాములవ్వ పెట్టింది తినేవాడు. పుస్తకాలలో మునిగితే తేరుకుంటానని నమ్మాడు. ఎన్ని చదివినా అక్షరాలు అక్షరాల్లాగే ఉండిపోయేవి.

పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో ఒక పద్యం ఉంది. సముద్రపు ఒడ్డున ఒక తల్లి. చేపలకు పోయిన కొడుకు తుపానులో మునిగిపోయాడని ఊరంతా చెప్పినా, ఆమె రోజూ అన్నం వండి తలుపు తెరిచి కూర్చుంటుంది. శ్రావణమాసంలో ఒకనాడు ఆ పద్యం చెబుతూ లింగమూర్తి మధ్యలో ఆగిపోయాడు. బోర్డు మీద ప్రశ్న రాశాడు. ఆ తల్లి తలుపెందుకు మూయలేదు? సొంతమాటల్లో రాసుకుని రావాలి.

మర్నాటి సాయంత్రం ఇంట్లో కాగితాల కట్ట విప్పాడు. పక్క అర్రలో మగ్గం ఆడుతున్నది. రాములవ్వ గడపలో కూర్చుని నూలు కండెలు చుడుతున్నది. మొదటి కాగితాలన్నీ గైడు నుంచి దిగినవే, హాస్టలు రూలు తగలని, ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలవి. ఎర్రసిరాతో కొట్టేసుకుంటూ పోయాడు. తర్వాత యాకమ్మ కాగితం వచ్చింది. ఇంగ్లీషు కుంటుతున్నది. క్రియాపదాలు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. తెలుగులో చెప్పుకుంటే అందులో ఉన్నది ఇది:

"కుండలో అన్నం చల్లారింది. కడుపులో మంట చల్లారలేదు. వాణ్ణి ఎత్తుకున్న చేతులకు ఇప్పుడేం పని చెప్పాలి? పని లేక ఆ చేతులు తలుపు తెరుస్తున్నాయి."

అతను కలం కింద పెట్టాడు. సుగుణ పోయిన తర్వాత తన చేతులు కూడా ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాయి. సైకిలు తుడిచేవి, తుడిచిన సైకిలునే మళ్ళీ తుడిచేవి. పెరట్లోకి పోయి బాయి గట్టు మీద కూర్చున్నాడు. నెలల తరబడి రాని ఏడుపు అప్పుడొచ్చింది. "ఏమైంది బిడ్డా?" అని తల్లి లోపలి నుంచి కేకేస్తే "ఏంలేదవ్వా" అన్నాడు. మొహం కడుక్కుని వచ్చి, తన ఉద్యోగకాలంలో ఒక్క పిల్లయినా పద్యాన్ని పద్యంగా చదివిందని తృప్తిపడి, మిగిలిన కాగితాలు తీశాడు.

కొన్ని కాగితాల తర్వాత పూలమ్మది వచ్చింది. అన్నం చల్లారింది, మంట చల్లారలేదు. ఎత్తుకున్న చేతులకేం పని చెప్పాలి. అవే మాటలు. ఇంగ్లీషు తప్పులు మాత్రం వేరు.

అతనికి నిలువునా మండిపోయింది. గైడు నుంచి ఎత్తిరాసిన వాళ్ళమీద రాని కోపం ఇప్పుడొచ్చింది. తన ఏడుపును ఎవరో జేబులోంచి కొట్టేసినట్టనిపించింది. ఎక్కడి పుస్తకంలోంచో దించుకున్న మాటలకా తాను బాయిగట్టున కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది?

మరుసటి రోజు క్లాసులో ఇద్దరినీ నిలబెట్టాడు.

"ఎవలు ఎవల దాంట్ల చూసి రాసిండ్రు?"

"ఎవలం చూడలే సార్," అన్నది పూలమ్మ.

"మరి ఏ పుస్తకంలకెల్లి దించిండ్రు?"

"పుస్తకం లేదు సార్. మాకొచ్చిందే రాసినం."

"ఇద్దరి కడుపుల ఒక్కటే మంట, ఒక్కటే మాటల పుట్టిందా?"

పూలమ్మ తలదించుకున్నది. అంతవరకూ నోరువిప్పని యాకమ్మ అన్నది: "అందరికీ గట్లనే పుడ్తది సార్."

క్లాసు గొల్లున నవ్వింది. లింగమూర్తి చెవులకు యాకమ్మ మాట వెక్కిరింతగా వినిపించింది. ఆ పిల్ల కళ్ళలోకి చూసి ఉంటే అలా వినిపించేది కాదు. చూడలేదు. స్టాఫ్‌రూముకు పోయి, నిలబడే రిపోర్టు రాశాడు. వీరభద్రం దాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుని, "నీ రూలు నువ్వే వాడుకున్నవ్," అని సొరుగులో పెట్టుకున్నాడు.

కబురు పల్లెకు ఎట్లా చేరిందో, మూడోనాటికి పూలమ్మ తండ్రి కట్టయ్య వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. బిడ్డ రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు, పిల్ల వెనక నడిచింది. ఆ మరునాడు యాకమ్మ తల్లి మొగిలమ్మ వచ్చింది. నాట్లలోంచి లేచి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళకు బురద ఎండి ఉన్నది. పగటి బెల్లప్పుడు వరండాలో లింగమూర్తికి అడ్డం పడింది.

"నీ కాల్మొక్త సారూ. పిల్లను తీసెయ్యకు."

"నా చేతుల లేదమ్మా. రూలు ప్రకారం జరుగుతది."

"దొంగతనం చేసిందంటాండ్రు. ఏమెత్తుకపోయింది సారూ? చెప్పు, తెచ్చిస్త. గాజులా, పైసలా?"

"మాటలు," అన్నాడతను. అంటుంటే అతనికే ఎట్లాగో అనిపించింది.

మొగిలమ్మకు అర్థం కాలేదు. అయినంతలో సీటు పోతుందన్నది ఒక్కటే అర్థమైంది. రెండేళ్ళ కింద ఆమె కొడుకు మోటబాయిలో పడి చనిపోయాడు. ఇక మిగిలింది ఈ పిల్ల చదువు. ఆమె అక్కడే వరండా గచ్చు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పోయిన కొడుకును పిలిచి ఏడవడం మొదలుపెట్టింది. పల్లె ఆడవాళ్ళ ఏడుపు, రాగం తీసి.

"కుండల బువ్వ సల్లారె కొడుకా, కడుపుల మంట సల్లారకపాయె కొడుకా... నిన్నెత్తుకున్న చేతులకు ఏం పని జెప్పుదు కొడుకా..."

లింగమూర్తి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఈ మాటలు ఎక్కడివి? ఎవలు చెప్పిన్రు నీకు?"

ఆమె ఏడుపాపి బిత్తరపోయి చూసింది. సారు తన ఏడుపులో కూడా తప్పు పడుతున్నాడనుకున్నది. "ఎవలు చెప్తరు సారూ? మా ఊర్ల ఎవలు సచ్చినా గట్లనే ఏడుస్తం. నా కొడుకు పోయిన్నాడు నేనేడ్సిన. పూలమ్మ వాళ్ళవ్వ నా పక్కపొంటి కూసోని ఏడ్సింది. గది సుత తప్పేనా?"

అతను ఆమెను లేపి కూర్చోబెట్టి, నీళ్ళు తెప్పించి, "పిల్ల ఎటూ పోదు, నాది పూచీ," అన్నాడు. అన్నంత తేలిక కాదని అతనికి వీరభద్రం గదిలో తెలిసింది.

"రిపోర్టు వాపసు ఇయ్యండి సార్. తప్పు నాది. అది ఏడుపు పాట. ఆ ఊర్ల అందరికీ నోటికొచ్చు. ఇద్దరు పిల్లలు ఎవలకు వాళ్ళే ఇంగ్లీషుల పెట్టిన్రు."

"అంటే వాళ్ళు రాసింది వాళ్ళ సొంతం కాదన్నట్టేగద?"

లింగమూర్తి రిపోర్టు ఉన్న సొరుగు వైపు చూశాడు.

"నువ్వే చెప్పినవ్, మంది మాట రాస్తే దొంగతనమని. పుస్తకంలది రాసినా, పాటలది రాసినా మంది మాటనే గద. నాకు లెక్కలు తప్ప ఏం తెల్వదనుకున్నవా?"

"కాదు సార్. ఎట్ల చెప్పాలె... పుస్తకంలోని మాటను ఎత్తుకుంటే లోపల ఏముండది. ఈ పిల్ల తమ్ముడు సచ్చిపోయిండు. పద్యంల తల్లిని చూసి ఇంట్ల తల్లిని యాదికి తెచ్చుకున్నది. పద్యం చదువుడంటేనే గది సార్! గా పని ఇన్నేండ్లల ఎవలూ చెయ్యలే."

"ఏమయ్యా లింగమూర్తీ, నీ భార్య పోయిన కాడికెల్లి నువ్వు జర మెత్తబడ్డవ్," అన్నాడు వీరభద్రం గొంతు తగ్గించి. "పూలమ్మ సీటు నింపేసినం. ఇంకొకదానికి సుత సిఫారసు వచ్చి ఉన్నది. నువ్వు గింతగనం అంటానవ్ గనుక ఒక్క పని చేస్త. సోమవారం నా ఎదుట కూసోబెట్టి, నువ్వింకా చెప్పని పద్యం మీద రాయిస్త. సొంతంగ రాస్తే ఉంటది. లేకుంటే పోతది."

లింగమూర్తికి ఆ మాట గాలి పీల్చుకున్నంత హాయిగా తోచింది. పూలమ్మతో కూడా రాయిస్తే సీటు లేకున్నా బడిలోనన్నా ఉంచవచ్చనుకుని ఆదివారం నర్సంపేట బస్సెక్కాడు. అక్కడి నుంచి నడిచి పల్లె చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. పూలమ్మ పొలంలో ఉన్నది. మోకాలిలోతు బురదలో, ఆడవాళ్ళ వరుసలో, నాటు వేస్తున్నది.

"పూలమ్మా, సారొచ్చిండే," అని ఒకామె కేకేసింది. ఇంకొకామె అందుకున్నది: "నారుకట్టలు లెక్కబెట్టుకోండ్రి. దొంగపిల్ల మన నడుమనే ఉన్నది." అందరూ నవ్వారు. పగతో నవ్వింది కాదు, వంగిన నడుము నొప్పి మరిచిపోవడానికి నవ్వింది. పూలమ్మ మాత్రం నవ్వలేదు, నడుమెత్తలేదు.

లింగమూర్తి గట్టు మీద నిలబడే అన్నాడు: "తప్పు నాది బిడ్డా. నువ్వు దొంగతనం చెయ్యలేదు. రేపొచ్చి ఒక్క పద్యం మీద రాయి."

"నేను రాను సార్."

"ఎందుకు?"

"గప్పుడు నా మాటనే రాసిన. దొంగ అన్నరు. మల్ల నా మాటనే రాస్త. మల్ల అంటరు."

"అనను. నేనున్న గద."

"గప్పుడు సుత మీరే ఉన్నరు గద సార్," అన్నది పూలమ్మ. చేతిలోని నారు అయిపోతే పక్క కట్ట విప్పుకుని ముందుకు జరిగింది.

ఇంటికి వచ్చాక అతను అన్నం ముందు కూర్చుని తల్లిని అడిగాడు. "అవ్వా, సుగుణ పోయిన్నాడు నువ్వేమని ఏడ్సినవ్?"

రాములవ్వ గంటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "ఏందిర లింగా, గిప్పుడు గదెందుకు? మంచిగున్నవా? ఒళ్ళు కాలుతాందా?" అని నుదురు పట్టి చూసింది. అతను మళ్ళీ అడగలేదు. తల్లి కూర వడ్డిస్తూ కొంగుతో కళ్ళొత్తుకున్నది.

సోమవారం ప్రార్థన కాగానే యాకమ్మను హెడ్మాస్టరు గదికి తీసుకొచ్చారు. హాస్టలు వార్డెన్ అనసూర్యమ్మ ఒక పక్క కూర్చున్నది. లోపలికి పోయే ముందు లింగమూర్తి ఆ పిల్లతో అన్నాడు: "భయపడకు. నీకేమనిపిస్తే గదే రాయి. ఇంగ్లీషు తప్పయినా ఫికర్ లేదు." యాకమ్మ తలూపింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఏడ్చిందనుకున్నాడు.

వీరభద్రం వాచకం తిరగేసి ఒక పద్యం చూపాడు. యుద్ధానికి పోయి ముసలివాడై తిరిగొచ్చిన సిపాయిని సొంత ఊరే గుర్తుపట్టని పద్యం. ఎంత మంచి పద్యం దొరికిందని లింగమూర్తి లోలోపల పొంగిపోయాడు. ఈ పిల్ల దీన్ని చదివితే ఏం చూస్తుందోనని అతనికే ఆశ పుట్టింది. రిపోర్టు సంగతి, సీటు సంగతి కూడా ఆ కాసేపు మరిచిపోయాడు.

యాకమ్మ పద్యం వైపు ఎక్కువసేపు చూడలేదు. వంచిన తల ఎత్తకుండా రాసింది. ఆగలేదు, కొట్టివేయలేదు. కాగితం మడిచి వీరభద్రం ముందు పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది.

వీరభద్రం చదువుతూంటే ముఖం విప్పారింది. "శభాష్! ఇంగ్లీషంటే గిట్లుండాలె. ఒక్క తప్పు కనవడ్తలేదు." కాగితం లింగమూర్తికి అందించాడు.

మొదటి వాక్యం దగ్గరే అతనికి తెలిసిపోయింది. కవి ఈ పద్యమునందు దేశభక్తి యొక్క ఔన్నత్యమును అతి రమణీయముగా చిత్రించియున్నాడు. రెండో వాక్యం, మూడో వాక్యం, చివరన నీతి. అది పసుపుపచ్చ అట్ట గైడు. ఏ పేజీలో ఏ మూల ఉందో కూడా చెప్పగలడు. ఏళ్ళ తరబడి అవే వాక్యాలను ఎర్రసిరాతో కొట్టేశాడు. శని, ఆదివారాలు హాస్టల్లో కూర్చుని ఆ పిల్ల గైడంతా కంఠతా పట్టి ఉంటుంది. ఏ పద్యం అడుగుతారో తెలియదు గనుక మొత్తం పట్టి ఉంటుంది. కళ్ళు ఎర్రబడింది ఏడ్చి కాదు.

"ఏం సార్, చెప్పండి," అన్నది అనసూర్యమ్మ. "మాకు గింత ఇంగ్లీషు రాదు. పిల్ల సొంతంగ రాసిందా లేదా?"

లింగమూర్తి తలెత్తి చూశాడు. యాకమ్మ అతని చూపు కోసమే కాచుకుని ఉన్నది. అందులో బతిమాలుకోవడం కూడా లేదు. పొలం కౌలు కాగితం మీద పట్వారీ ఏం రాస్తాడోనని చూసే చూపు అది. అతను గైడు అని ఒక్కమాటంటే ఆ పిల్ల సాయంత్రం బస్సుకు పోతుంది, పూలమ్మ వరుసలో నిలబడి వంగుతుంది. అనకపోతే, తాను ఇన్నేళ్ళుగా చెప్పిన ప్రతి మాటా అబద్ధమవుతుంది. నిజంగా తనదైనది రాసిన నాడు దొంగ అన్నాడు. ఇవాళ...

"సొంతమే," అన్నాడు.

"అయితే కింద రాసి సంతకం పెట్టు," అన్నాడు వీరభద్రం.

రాశాడు. యాకమ్మ నమస్తే చెప్పి బయటికి పోయింది. ఆ రోజు మిగిలిన క్లాసులు ఎట్లా చెప్పాడో అతనికి గుర్తు లేదు. ఆ పిల్ల సీటు నిలిచింది. మొగిలమ్మ తర్వాతి అంగడి నాడు సంచీలో మక్కకంకులు తెచ్చి బడి గేటు దగ్గర ఇచ్చి దండం పెట్టి పోయింది. అతను తీసుకున్నాడు. వద్దంటే ఆమెకు మళ్ళీ భయమవుతుందని తీసుకున్నాడు.

దసరా సెలవుల తర్వాత ఇంకొక పద్యం చెప్పాడు. వానలు రాని ఊరిలో ఒక రైతు తన ఎద్దును అమ్మకానికి తోలుకుపోయే పద్యం. పల్లె పిల్లలకు దానిలో తెలియనిదేమీ లేదు. ప్రశ్న ఇచ్చాడు. "సొంతమాటల్లో" అని బోర్డు మీద రాయబోయి ఆగాడు. ఆఖరికి రాశాడు.

యాకమ్మ కాగితం వచ్చింది. మూగజీవుల యెడల దయ అను సుగుణమును కవి చక్కగా బోధించియున్నాడు. దస్తూరి ముత్యాల్లా ఉన్నది. అతను ఆ కాగితాన్ని పక్కన పెట్టి, బడి విడిచాక ఆ పిల్లను ఆగమన్నాడు. తక్కిన పిల్లలు గోలగోలగా వెళ్ళిపోయేదాకా ఊరుకుని, మెల్లగా అడిగాడు.

"యాకమ్మా. ఇది నీ మాట కాదు గద."

ఆ పిల్ల బెదరలేదు. సారు ఎందుకు అడుగుతున్నాడో నిజంగానే అర్థం కానట్టు చూసింది.

"గసొంటిదే గద సార్ నేను గప్పుడు రాసింది. నా సొంతమని మీరే సంతకం పెట్టిన్రు."

మీ ఊరి ఏడుపే నీ సొంతం, ఆ తల్లి చేతుల గురించి నువ్వు రాసిన ముక్కే సొంతం, ఇది కాదు అని చెప్పాలనుకున్నాడు. చెబితే, అప్పుడు దొంగ అని ఎందుకన్నారు, ఇప్పుడు సొంతమని ఎందుకన్నారు అని అడుగుతుంది. ఏది నమ్మమంటారు అని అడుగుతుంది. అడిగే హక్కు ఆ పిల్లకున్నది.

"మార్కులు తగ్గుతయా సార్?" అన్నది యాకమ్మ. "తగ్గితే వార్డెనమ్మ అడుగుతది."

"తగ్గయి," అన్నాడు లింగమూర్తి. ఎర్రసిరా కలం తీసి, పదికి ఎనిమిది వేసి, కాగితం ఆ పిల్ల చేతికిచ్చాడు.